హాల్లో పాత టీవీకి రాస్ప్‌బెర్రీ పై: పెద్దవాళ్ళు రిమోట్‌తో నడుపుకునేలా మీడియా ప్లేయర్ ఎలా పెట్టాలి

కోనసీమలో గానీ, అటు భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు గానీ చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి. హాల్లో పదేళ్ళ నాటి ఎల్‌సీడీ టీవీ ఉంటుంది. బొమ్మ ఇంకా శుభ్రంగా వస్తుంది, కాకపోతే అది స్మార్ట్ టీవీ కాదు. బీరువాలో పెళ్ళి డీవీడీలు, ఓణీల ఫంక్షన్ సీడీలు కట్టగా ఉంటాయి. వాటిని వేసే ప్లేయర్ పాడై ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తుండదు. మనవళ్ళ వీడియోలేమో హైదరాబాద్‌లోనో, కువైట్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న పిల్లల ఫోన్లలో ఉండిపోతాయి. అమ్మమ్మ చూడాలంటే అరచేతిలో ఫోన్ పెట్టుకుని కళ్ళు చికిలించుకోవాలి.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఒకటి టీవీ వెనక పెడితే ఇవన్నీ పెద్ద తెర మీదకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం గంటలో అయిపోతుంది. అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఆ తర్వాతే. నెట్ ఉన్నా లేకపోయినా, కరెంట్ పోయి వచ్చినా, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరినీ పిలవకుండా టీవీ రిమోట్‌తోనే కావాల్సింది పెట్టుకోగలగాలి. అందుకే ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందే ఒక విషయం. మీకు ముఖ్యంగా కావాల్సింది నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటి ఓటీటీలైతే ఈ బోర్డు కొనకండి. వాటికి దీని మీద అధికారిక యాప్‌లు లేవు. ఏవో తంటాలు పడి నడిపించినా 4కె రాదు. ఆ అవసరానికి టీవీకి గుచ్చే స్టిక్ ఒకటి కొనుక్కుంటే ఏ తలనొప్పీ ఉండదు. మీ దగ్గరున్న వీడియోలు, ఫొటోలు, పాటలు ఇంటిల్లిపాదీ చూడటానికైతే మాత్రం ఈ బోర్డు అంత హాయి ఇంకోటి లేదు. ప్రకటనలు ఉండవు, నెలనెలా కట్టేది ఉండదు, లాగిన్ గొడవ ఉండదు.

ఏమేం కావాలి

బోర్డు విషయంలో నా సలహా రాస్ప్‌బెర్రీ పై 4, 2 జీబీ ర్యామ్ ఉన్నది. టీవీ పనికి అంతకంటే ఎక్కువ ర్యామ్ అక్కర్లేదు. 2023లో వచ్చిన పై 5 వేగంలో దీనికంటే చాలా ముందుంది. కానీ దానికి 5 ఆంపియర్ల అడాప్టర్, ఫ్యాన్ ఉన్న కూలర్ కూడా తీసుకోవడం మంచిది. పైగా అందులో హెచ్.264 (వీడియోని కుదించి దాచే ఒక పద్ధతి) వీడియోలు విప్పడానికి ప్రత్యేకమైన హార్డ్‌వేర్ తీసేశారు, ఆ పని ప్రాసెసరే చేస్తుంది. 1080పీ వరకు ఇబ్బంది ఉండదు గానీ, కేవలం టీవీ కోసం ఆ ఖర్చు దండగ. మీ అబ్బాయి ఇంజనీరింగ్ ప్రాజెక్టుకి వాడి అటక మీద పడేసిన పై 3 ఉంటే దాన్నే వాడండి. పెళ్ళి డీవీడీలు, మామూలు 1080పీ వీడియోలు దాని మీద చక్కగా వస్తాయి. కొత్త ఫోన్లలో ఇంకా గట్టిగా కుదించే హెచ్.265 పద్ధతిలో తీసే వీడియోల దగ్గరే తడబడుతుంది.

బోర్డు కంటే జాగ్రత్తగా కొనాల్సింది అడాప్టర్. పై 4కి యూఎస్‌బీ-సీ పిన్నుతో 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అధికారిక అడాప్టరే తీసుకోండి. "మా ఫోన్ ఛార్జర్ అరవై ఏడు వాట్లండి, అది చాలదా?" అని అడుగుతుంటారు. ఫోన్ ఛార్జర్ అంత పవర్ ఇచ్చేది తన ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజ్ పెంచుకున్నప్పుడు. ఈ బోర్డుకి కావాల్సింది 5 వోల్టుల దగ్గరే నిలకడగా ఎక్కువ కరెంట్. పొడుగాటి సన్న కేబుల్ అయితే దారిలోనే కొంత వోల్టేజ్ పోతుంది. బోర్డుకి అందేది సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితే తెర మీద పిడుగు గుర్తు వస్తుంది. హార్డ్ డిస్క్ ఉన్నట్టుండి మాయమవడం, సినిమా మధ్యలో బోర్డు రీస్టార్ట్ అవడం లాంటి జబ్బులు చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

హెచ్‌డీఎంఐ కేబుల్ కొనేటప్పుడు షాపులో గట్టిగా చెప్పండి: ఒక వైపు మైక్రో హెచ్‌డీఎంఐ, ఇంకో వైపు మామూలు హెచ్‌డీఎంఐ. మినీ అని ఇంకోటి ఉంటుంది, చూడ్డానికి దగ్గరగా ఉంటుంది గానీ పట్టదు. పై 3కైతే మామూలు కేబులే సరిపోతుంది.

మెమరీ కార్డు పేరున్న కంపెనీది 16 లేదా 32 జీబీ చాలు, వీడియోలు ఎలాగూ వేరే డిస్క్‌లో పెడతాం. కేస్ అల్యూమినియంది తీసుకోండి. బోర్డు వేడి 80 డిగ్రీలు దాటుతుంటే అదే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మన ఉక్కపోతలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి 4కె వీడియో ఆడిస్తే అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. అయితే పూర్తి మెటల్ కేస్‌లో వైఫై కొంచెం బలహీనపడుతుంది కాబట్టి రౌటర్ దగ్గర్లో ఉంటే ల్యాన్ కేబుల్ వేసేయండి.

వీడియోలకు 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ ఒకటి. పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తాయి. ఒక డిస్క్‌కి అది చాలు, రెండు పెట్టాలనుకుంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కావాలి. డిస్క్ ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఉండాలి. పాత పెన్‌డ్రైవుల్లో ఉండే ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

కార్డు తయారుచేయడం

బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు లిబ్రెఎలెక్. కోడీ అనే మీడియా ప్లేయర్ని నడపడానికి ఎంత కావాలో అంతే ఉన్న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అది. 2014 దాకా ఎక్స్‌బీఎంసీ అని పిలిచిన ప్లేయరే ఈ కోడీ. రెండూ ఉచితం.

కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్ దాని అధికారిక సైట్ నుంచి దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. కార్డుని రీడర్‌లో పెట్టి ఇమేజర్ తెరిచి, ముందు బోర్డు మోడల్ ఎంచుకోండి. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల జాబితాలో మీడియా ప్లేయర్ విభాగంలోకి వెళ్ళి లిబ్రెఎలెక్‌లో మీ మోడల్‌కి సరిపోయేది తీసుకోండి. చివర్లో కార్డుని ఎంచుకుని రైట్ (Write) నొక్కండి. ఈ చివరి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఫొటోలున్న హార్డ్ డిస్క్ కూడా కంప్యూటర్‌కి తగిలించి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఇక్కడ తప్పు డిస్క్ ఎంచుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది.

రాయడం అయ్యాక "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా?" అని విండోస్ అడగవచ్చు. క్యాన్సిల్ కొట్టండి. ఆ భాగం లైనక్స్‌ది, విండోస్‌కి అర్థం కాక అలా అడుగుతుంది.

టీవీకి తగిలించడం

కార్డు స్లాట్ బోర్డు కింది వైపు ఉంటుంది. కార్డు మీది బంగారు రంగు గీతలు బోర్డు వైపు తిరిగి ఉండేలా దోపండి. పై 4లో రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటాయి, పవర్ పిన్నుకి పక్కనే ఉన్నది వాడండి. ముందు హెచ్‌డీఎంఐ పెట్టి, టీవీ ఆన్ చేసి, రిమోట్‌తో ఆ ఇన్‌పుట్‌కి మార్చి, చివర్లో బోర్డుకి కరెంట్ ఇవ్వండి. మొదటిసారి అది కార్డులో జాగా సర్దుకుని తనంతట తనే ఒకసారి రీస్టార్ట్ అవుతుంది, కంగారుపడకండి.

తర్వాత కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. భాష ఇంగ్లీషే ఉంచండి. ఎక్కడైనా చిక్కొస్తే మెనూ పేర్లు పట్టుకుని వెతుక్కోవడం తేలికవుతుంది. బోర్డుకి ఏదో పేరు పెట్టి, వైఫై పాస్‌వర్డ్ ఇవ్వండి. ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లతో బోర్డుని నడిపే దారి) ఆఫ్‌లో ఉంచండి, సాంబా ఆన్ చేయండి. సాంబా ఆన్‌లో ఉంటే కంప్యూటర్ నుంచి వైఫై మీదుగానే ఫైళ్ళు పంపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్, రీజినల్ లోకి వెళ్ళి టైమ్ జోన్ ఇండియా పెట్టండి. పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, టైమ్ నెట్ నుంచే తెచ్చుకుంటుంది. నెట్ లేని రోజు తెర మీద టైమ్ తప్పు చూపిస్తే బోర్డు పాడైందని అనుకోవద్దు.

టీవీ రిమోట్‌తోనే నడిచేలా

ఇది కుదిరితే సగం గెలిచినట్టే. హెచ్‌డీఎంఐ కేబుల్లో సీఈసీ అని ఒక ఏర్పాటు ఉంది. టీవీ రిమోట్‌లో నొక్కిన బటన్లను టీవీ ఆ కేబుల్ ద్వారా బోర్డుకి అందిస్తుంది. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది: శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. టీవీ మెనూలో వెతికి ఆన్ చేయండి. ఆ తర్వాత బాణం గుర్తులు, ఓకే, బ్యాక్ కోడీలో పనిచేయడం మొదలవుతుంది. ఓకే బటన్ని కాసేపు నొక్కిపట్టుకుంటే ఇంకొన్ని ఆప్షన్లతో చిన్న మెనూ వస్తుంది. అది మీకు తెలిస్తే చాలు, పెద్దవాళ్ళకి అక్కర్లేదు.

ఇక్కడ మన ఊళ్ళకి తప్పనిసరిగా చేయాల్సిన మార్పు ఒకటుంది. ఈ బోర్డుకి స్విచ్ లేదు, కరెంట్ రాగానే లేచి కూర్చుంటుంది. లేవగానే సీఈసీ ద్వారా టీవీని కూడా లేపుతుంది. అర్ధరాత్రి పోయిన కరెంట్ రెండింటికి తిరిగొచ్చిందనుకోండి, చీకట్లో హాల్లో టీవీ దానంతట అదే వెలుగుతుంది. ఇంట్లో ఒక్కరే ఉంటున్న పెద్దావిడకి గుండె ఝల్లుమంటుంది. కాబట్టి సెట్టింగ్స్, సిస్టమ్, ఇన్‌పుట్, పెరిఫెరల్స్, సీఈసీ అడాప్టర్ వరకు వెళ్ళండి. స్టార్టప్‌లో ఏ పరికరాలు ఆన్ చేయాలి అన్నచోట నన్ (None, అంటే ఏదీ వద్దు) పెట్టండి. స్టార్టప్‌లో సోర్స్ ఈ పరికరానికి మార్చమనే ఆప్షన్ కూడా ఆఫ్ చేయండి. మార్చాక బోర్డు పవర్ అడాప్టర్ ప్లగ్ తీసి మళ్ళీ పెట్టి చూడండి. ఆఫ్‌లో ఉన్న టీవీ ఆఫ్‌గానే ఉండాలి.

అక్కడే టీవీ ఆపినప్పుడు బోర్డు ఏం చేయాలి అని కూడా ఉంటుంది. అది ఇగ్నోర్ మీదే ఉంచమంటాను. షట్‌డౌన్ పెడితే పై 4ని మళ్ళీ టీవీ రిమోట్‌తో లేపలేరు, ఎవరో ఒకరు టీవీ వెనక్కి చెయ్యి పెట్టి ప్లగ్ తీసి పెట్టాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఈ బోర్డు తినేది మూడు నాలుగు వాట్లే, రోజంతా వదిలేసినా నెలకి రెండు మూడు యూనిట్లు కాలుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి వంగక్కర్లేకపోవడానికి అది ఎక్కువేం కాదు.

మీ టీవీలో సీఈసీ లేకపోతే యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే చిన్న రిమోట్ కొనండి. ఫోన్ నుంచి నడపడానికి కోర్ అనే ఆండ్రాయిడ్ యాప్ బాగుంటుంది, కోడీ వాళ్ళదే. అది పట్టాలంటే సెట్టింగ్స్, సర్వీసెస్, కంట్రోల్‌లో హెచ్‌టీటీపీ రిమోట్ కంట్రోల్ ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టాలి. కానీ పెద్దవాళ్ళ చేతికి ఫోన్ రిమోట్ ఇవ్వకండి, బటన్లున్నదే ఇవ్వండి.

డీవీడీలు, ఫోన్ వీడియోలు ఎక్కించడం

పెళ్ళి డీవీడీలతో మొదలుపెట్టండి, ఎందుకంటే వాటికి టైమ్ తక్కువ. మన గాలిలో తడి ఎక్కువ. బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న డిస్కుల మీద, వీడియో క్యాసెట్ల లోపల బూజు పడుతుంది. డీవీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిటారుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ రుద్దకండి. కంప్యూటర్‌లో డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీతో పెట్టుకునేవి దొరుకుతాయి.

డిస్క్ తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. లోపలి వీఓబీ ఫైళ్ళు విడిగా ఏరుకోవద్దు, ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. డీవీడీలో వీడియోని ఒక్కో జీబీ ముక్కలుగా కోసి ఉంచుతారు. ఫోల్డర్ మొత్తం ఉంటే కోడీ దాన్ని డీవీడీలాగే తెరుస్తుంది, తాళి కట్టే ఘట్టంలో ముక్క మారినా ఆగదు. ఇంకా పాత వీసీడీలైతే అందులో ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో డీఏటీ (DAT) ఫైళ్ళుంటాయి, వాటిని కాపీ చేసుకుంటే చాలు. క్యాసెట్లు మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు, మార్చి ఇచ్చే స్టూడియో వెతికి ఇవ్వండి, వానాకాలం రాకముందే ఇవ్వండి.

ఫోన్ వీడియోల విషయంలో ఒక చిక్కుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మీ తమ్ముడు 4కెలో వీడియో తీశాడనుకుందాం. అది హెచ్.265లో ఉంటే పై 4 అలవోకగా ఆడిస్తుంది. అదే 4కె వీడియో హెచ్.264లో ఉంటే ప్రభ భుజాల మీద కదులుతున్న చోట బొమ్మ ఆగి ఆగి వస్తుంది. పై 4 హార్డ్‌వేర్ హెచ్.264ని 1080పీ వరకే విప్పుతుంది. ఇంట్లో వాళ్ళ ఫోన్లలో కెమెరా సెట్టింగ్స్ తెరిచి హై ఎఫిషియెన్సీ లేదా హెచ్‌ఈవీసీ అన్నది ఆన్ చేయించండి. ఆ ఆప్షన్ లేని ఫోన్లలో 1080పీలో తీయమనండి. మన పాత టీవీలకి అదే ఎక్కువ.

ఇంకో మాట, వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా పంపమనకండి. అది కుదించి పంపుతుంది, ఫోన్‌లో బాగానే కనిపించింది కాస్తా పెద్ద తెర మీద అలుక్కుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడైతే కేబుల్‌తో ఒరిజినల్ ఫైళ్ళే దించేసుకోవచ్చు.

డిస్క్‌ని బోర్డులో నీలం రంగు యూఎస్‌బీ పోర్టుకి తగిలించండి. యూఎస్‌బీ 3 డిస్క్ దగ్గర్లో ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దెబ్బతింటుంది. వైఫై మందగించినట్టు అనిపిస్తే డిస్క్‌ని కేబుల్ పొడుగున దూరంగా జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

అమ్మమ్మ కళ్ళతో మెనూ

కోడీ తెర మొదటిసారి చూస్తే రేడియో, గేమ్స్, మ్యూజిక్ వీడియోస్ అంటూ ఎడమ వైపు పెద్ద జాబితా ఉంటుంది. మనకి అందులో మూడో నాలుగో కావాలి. సెట్టింగ్స్, ఇంటర్‌ఫేస్, స్కిన్‌లో కాన్ఫిగర్ స్కిన్ తెరిచి మెయిన్ మెనూ ఐటమ్స్‌లో అక్కర్లేనివన్నీ ఆఫ్ చేయండి. వీడియోలు, ఫొటోలు, పాటలు, ఫేవరెట్స్ మిగిల్చండి.

ఇప్పుడు వీడియోస్‌లో ఫైల్స్ లోకి వెళ్ళి యాడ్ వీడియోస్ నొక్కి డిస్క్‌లోని ఫోల్డర్ చూపించండి. ఇందులో ఏముంది అని అడిగినప్పుడు నన్ అని చెప్పండి. మూవీస్ అని చెబితే నెట్‌లో వెతికి, "అక్క పెళ్ళి" అన్న ఫోల్డర్‌కి ఎవరిదో సినిమా పోస్టర్ తగిలించే ప్రమాదముంది. మీరు కొనుక్కున్న సినిమాలుంటే వాటిని వేరే ఫోల్డర్‌లో, పేరు పక్కన విడుదలైన సంవత్సరంతో పెట్టి, దానికి మాత్రం మూవీస్ అని చెప్పండి.

ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవడం మంచిది, తెలుగు ఫాంట్ లేనిచోట మన అక్షరాలు డబ్బాలుగా పడతాయి. మరి ఇంగ్లీషు చదవడం రాని అమ్మమ్మ సంగతో? దానికి ఫొటోలున్నాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒక మంచి ఫొటో పెట్టి, ఆ ఫైల్ పేరు ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఫోల్డర్ డాట్ జేపీజీ (folder.jpg) అని మార్చండి. కోడీ ఆ ఫొటోనే ఫోల్డర్ మీద అట్టలా చూపిస్తుంది. పెళ్ళి ఫోల్డర్ మీద జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో, మనవడి ఫోల్డర్ మీద వాడి మొహం, అంతర్వేది తీర్థం ఫోల్డర్ మీద రథం. ఎడమ బాణం నొక్కితే వచ్చే పక్క మెనూలో వ్యూ టైప్‌ని వాల్‌కి మార్చారంటే తెర నిండా ఫొటోలే. ఏ అక్షరమూ చదవకుండా కావాల్సిన దాని మీద ఓకే నొక్కొచ్చు. ఈ మొత్తం అమరికలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఓ సాయంత్రం కూర్చుని ఓపిగ్గా చేయండి. ఫొటోలు ఎంచేటప్పుడు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ ఫొటో చూస్తే ఏది గుర్తొస్తుందో ఆవిడే చెబుతుంది.

తరచూ చూసే ఫోల్డర్ల మీద ఓకే నొక్కిపట్టి యాడ్ టు ఫేవరెట్స్ ఇవ్వండి. సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లో ప్లే నెక్స్ట్ వీడియో ఆటోమేటికల్లీ అన్నచోట అన్‌క్యాటగరైజ్డ్ టిక్ చేస్తే మనవడి చిన్న చిన్న వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే వస్తాయి.

యూట్యూబ్ కావాలంటే కోడీ అధికారిక రిపోజిటరీలో, అంటే యాడ్ఆన్‌లు దొరికేచోట, దానికో యాడ్ఆన్ (కోడీకి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఉంది గానీ, దానికి గూగుల్ దగ్గర సొంత ఏపీఐ కీ (తాళంచెవి లాంటి కోడ్) తీసుకుని ఇవ్వాలి. ఓపిక ఉంటే చేయండి. కొత్త సినిమాలన్నీ ఫ్రీ అంటూ బయట తిరిగే యాడ్ఆన్‌ల జోలికి మాత్రం పోకండి. అవి దొంగ సరుకు, కోడీ వాళ్ళు వాటిని తమ రిపోజిటరీలో ఉండనివ్వరు. ఎవరో తెలియనివాళ్ళు రాసిన ప్రోగ్రామ్‌ని మన ఇంటి వైఫై లోపలికి పిలవడం కూడా అవుతుంది.

బొమ్మ, మాట

పాత టీవీల్లో బొమ్మ అంచులు తెగిపోతుంటే టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఫిట్ లేదా జస్ట్ స్కాన్ అని ఉన్నది ఎంచుకోండి. అది లేకపోతేనే కోడీలోని వీడియో క్యాలిబ్రేషన్ వాడండి. పెళ్ళి డీవీడీలో మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే అది బొమ్మని సగం సగం గీతలుగా తీసే పాత కెమెరాల ఇంటర్‌లేస్ పద్ధతి వల్ల. వీడియో నడుస్తుండగా వీడియో సెట్టింగ్స్ తెరిచి డీఇంటర్‌లేస్ మెథడ్ మార్చి చూడండి.

మన డీవీడీలు సెకనుకి 25 ఫ్రేములు, సినిమాలు 24, ఫోన్ వీడియోలు ఎక్కువగా 30. ప్లేయర్ సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ని ఆన్ స్టార్ట్ స్టాప్ చేస్తే ఏ వీడియో వేస్తే దాని వేగానికి తగ్గట్టు టీవీ మారుతుంది. మారేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, అది మామూలే.

మాటలు సరిగ్గా వినపడవు, పాట రాగానే ఇల్లెగిరిపోతుంది అన్నది పెద్దవాళ్ళ ఫిర్యాదు. సిస్టమ్, ఆడియోలో ఛానెళ్ళు 2.0 పెట్టండి, పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా నేరుగా టీవీకి పంపడం) ఆఫ్ చేయండి. డౌన్‌మిక్స్‌లో, అంటే ఎక్కువ ఛానెళ్ళని రెండుగా కలిపేటప్పుడు, అసలు వాల్యూమ్ ఉంచమనే ఆప్షన్‌ని ఆన్, ఆఫ్ చేసి ఏది బాగుందో మీ టీవీ స్పీకర్ల మీద వినే నిర్ణయించుకోండి.

కరెంట్, పిడుగు, ఉప్పుగాలి

లిబ్రెఎలెక్‌లో అసలు సిస్టమ్ భాగం చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా ఉంటుంది. అందుకే కరెంట్ పోయిన ప్రతిసారీ కార్డు పాడైపోతుందని టెన్షన్ పడక్కర్లేదు. నలిగేది పక్కనున్న హార్డ్ డిస్క్. రాస్తుండగా కరెంట్ పోతే తర్వాత అది తెరుచుకోకపోవచ్చు. అప్పుడు విండోస్ కంప్యూటర్‌కి తగిలించి, డిస్క్ ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్ నుంచి చెక్ నొక్కితే చాలాసార్లు దారిలోకి వస్తుంది. టీవీ, బోర్డు, రౌటర్ మూడూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉంచండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, మామూలు మోడ్ కంటే త్వరగా బ్యాటరీకి మారుతుంది కాబట్టి బోర్డు రీస్టార్ట్ అవ్వదు.

ఉరుములు మొదలైతే ప్లగ్గులు తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. కేబుల్ టీవీ వైరు, డిష్ వైరు కూడా టీవీ నుంచి పీకేయండి. బయట కొబ్బరిచెట్ల మధ్య నుంచి వచ్చే ఆ వైర్ల వెంటే పిడుగు దెబ్బ టీవీలోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా బోర్డులోకి వస్తుంది. అంతకంటే ముందు, టైమ్ ఉంటే, పవర్ మెనూ నుంచి షట్‌డౌన్ ఇచ్చి ఆపండి.

సముద్రానికి దగ్గరున్న అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్ళలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నుల మీద చిలుము పడుతుంది. అప్పుడప్పుడు అన్నీ తీసి, పొడి బ్రష్‌తో దులిపి, మళ్ళీ గట్టిగా దోపండి. వెచ్చగా ఉండే డబ్బాలంటే చీమలకి ఇష్టం కాబట్టి ఆ పని చేస్తున్నప్పుడు కేస్ లోపల కూడా చూడండి. బోర్డుని టీవీ వెనక గాలాడే చోట అతికించండి, తలుపులున్న షోకేసు లోపల పెట్టకండి.

గాలివానకి ఫైబర్ వైరు తెగినా, లంక ఊళ్ళలో వరద వచ్చి నాలుగు రోజులు నెట్ లేకపోయినా, డిస్క్‌లో ఉన్నదంతా ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్‌లు ఆటోమేటిక్‌గా కాకుండా మాన్యువల్‌లో ఉంచితే మీరు ఇంటికి వచ్చినప్పుడు చేసుకోవచ్చు, మీరు లేనప్పుడు తెర మారిపోయి పెద్దవాళ్ళు తికమకపడరు.

డిస్క్ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని అదే బీరువాలో కాకుండా అక్కగారింట్లోనో, హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గరో ఉంచండి. ప్రతి సంక్రాంతికి ఆ రెండో డిస్క్ ఇంటికి తెప్పించుకుని, ఏడాదిలో చేరిన కొత్త వీడియోలు అందులో వేసి తిరిగి పంపించేయండి.